హర్షిత పారేసుకున్న పదకొండు వస్తువులు

2023 ఎండాకాలంలో మా క్యాంపులో పిల్లలు పారేసుకున్నవి ఇవి. నీళ్ల సీసాలు నలభై ఒకటి. టోపీలు ముప్పై మూడు. చేతి తువ్వాళ్లు ఇరవై ఏడు. టిఫిన్ డబ్బాలు, మూతలు కలిపి పన్నెండు. ఒంటి చెప్పులు ఎనిమిది. కళ్లజోడు ఒకటి. పికప్ కార్డు ఒకటి. పాలపళ్లు రెండు. పళ్లను పోయిన వస్తువుల్లో రాయాలా వద్దా అని కొంత చర్చ జరిగింది. ఆ పిల్లలిద్దరూ వాటి కోసం వెతుక్కుంటూ ఏడ్చారు కాబట్టి రాశాను. మొత్తం నూట ఇరవై అయిదు.

ఆ ఏడు మా దగ్గర ఉన్న పిల్లలు అరవై ఇద్దరు. అంటే తలకు రెండు వస్తువులు, కొంచెం పైన. ఎండలో ఆడే పిల్లలకు అది పెద్ద సంఖ్య కాదు. కానీ ఆ నూట ఇరవై అయిదులో పదకొండు ఒక్క పాపవి. మిగతా పిల్లల నూట పద్నాలుగు వస్తువుల్లో మళ్లీ దొరికినవి ఎనభై ఒకటి. ఆ పాపవి మాత్రం పదకొండుకు పదకొండూ దొరికాయి. ఈ రెండు అంకెలూ నా రిజిస్టర్‌లోనే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడడానికి నాకు ఇరవై నాలుగు రోజులు పట్టింది.

మా క్యాంపు మొయినాబాద్ దగ్గర కనకమామిడిలో, అయిదెకరాల ఫామ్‌హౌస్‌లో నడుస్తుంది. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు, వారానికి ఆరు రోజులు, మొత్తం ముప్పై ఆరు రోజులు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇళ్లలో బడి మూతపడగానే పిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నది పెద్ద ఇబ్బంది. ఆ ఇబ్బందికే ఈ క్యాంపు. ఉదయం ఎనిమిదిన్నరకు వ్యాన్లు గండిపేట వైపు నుంచి, మొయినాబాద్ నుంచి పిల్లల్ని తెస్తాయి. పదిన్నర దాకా బయట ఆటలు, మొక్కల పని. ఎండ ముదిరాక మామిడిచెట్ల కింద, రేకుల షెడ్డులో కూలర్ల ముందు. నాలుగింటికి మళ్లీ బయటికి. అయిదింటికి వ్యాన్లు.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. లెక్క నేర్చింది చేవెళ్ల కూరగాయల మార్కెట్‌లో. టమాటా డబ్బాలు దిగుతుంటే అయిదేసి చొప్పున ఎంచి సుద్దముక్కతో గీత గీసే పని పందొమ్మిదేళ్లు చేశాను. క్యాంపు నడిపే విజయ మేడం అప్పట్లో ఆ మార్కెట్‌కు కూరగాయల కోసం వచ్చేవారు. ఒకరోజు నేను డబ్బాలు ఎంచుతుంటే చాలాసేపు నిలబడి చూసి, "యాదగిరి గారూ, కదులుతున్నవాటిని కూడా ఇట్లాగే లెక్కపెట్టగలరా?" అని అడిగారు. కదిలేవి ఏమిటంటే పిల్లలని చెప్పారు. అట్లా యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పిల్లలు నన్ను లెక్కల అంకుల్ అంటారు.

ఈ పనిలో ముఖ్యమైనది హెడ్ కౌంట్, అంటే తలలు లెక్కపెట్టడం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన ప్రతిసారీ, రోజుకు తొమ్మిదిసార్లు, అయిదేసి మందిని ఎంచుతాను. సంఖ్య కుదిరేదాకా ఎవరూ అడుగు కదపరు. రెండోది పికప్ కార్డు. ప్రతి పిల్ల మెడలో ఫొటో, వ్యాన్ నంబరు ఉన్న కార్డు ఉంటుంది. సాయంత్రం ఆ కార్డు చూశాకే వ్యాన్ ఎక్కిస్తాం. కార్డు లేకపోతే తల్లో తండ్రో స్వయంగా వచ్చి తీసుకుపోవాలి. మూడోది లాస్ట్ అండ్ ఫౌండ్, అంటే పోయి దొరికిన వస్తువుల పెట్టె.

ఆ పెట్టెకు నేనే ఒక నియమం పెట్టాను. అంతకుముందు ఏడాది ఒకే రకం నీలం సీసాలు రెండు తారుమారై, జలుబు చేసిన పిల్లవాడి సీసా ఇంకొకరి ఇంటికి పోయింది. ఆ రెండు ఇళ్ల తల్లులు క్యాంపు ఫోన్ గ్రూపులో రెండు రోజులు పోట్లాడుకున్నారు. అందుకని దొరికిన వస్తువును పిల్లల చేతికి, డ్రైవర్ల చేతికి ఇవ్వడం మానేశాను. తల్లో తండ్రో వచ్చి, చూసి, సంతకం పెట్టి తీసుకుపోవాలి. మూడు రోజుల్లో రాకపోతే ఆ వస్తువుతో మాకు సంబంధం లేదు. బోర్డు మీద రాసి గేటుకు కట్టాను. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆ నియమం మీద నాకు కొంత గర్వం కూడా ఉండేది.

హర్షితకు అప్పుడు ఎనిమిదేళ్లు. మొయినాబాద్‌లో ఒక కిరాయి గదిలో తల్లితో ఉండేది. తండ్రి బోర్లు వేసే లారీ మీద పని. ఏ జిల్లాలో ఎన్నాళ్లుంటాడో అతనికే తెలియదు. తల్లి లావణ్య గండిపేట దారిలో ఒక పెద్ద కిరాణా షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటుంది. డ్యూటీ దిగేసరికి రాత్రి ఎనిమిది. సాయంత్రం వ్యాన్ పాపను పక్కింట్లో దింపుతుంది. ఆ పక్కింటామె మొక్కల నర్సరీలో పనిచేసి అయిదింటికి ఇల్లు చేరుతుంది. తల్లి వచ్చేదాకా పాప అక్కడే. ఇవన్నీ అడ్మిషన్ ఫారంలో లావణ్య రాసిన సంగతులే. ఫీజు మూడు వాయిదాల్లో కట్టింది, మూడూ చెప్పిన రోజుకే.

పాప అల్లరిది కాదు. లెక్కపెట్టేటప్పుడు కదలకుండా నిలబడే కొద్దిమందిలో ఒకతె. కానీ మొదటి వారంలోనే టోపీ పోయింది. సాయంత్రం రౌండ్‌లో మోటారు షెడ్డు వెనక దొరికింది. మూడో రోజు తల్లి వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయింది. తర్వాత సీసా, తువ్వాలు. తర్వాత మళ్లీ టోపీ. ఒకరోజు ఒంటి చెప్పు. చెప్పు పోయినప్పుడు లావణ్య మూడు రోజులు ఆగలేదు, మరునాడే వచ్చింది. పాపకు ఉన్నది ఆ ఒక్క జతే.

"ఏందన్నా ఇది, నా బిడ్డ ఒక్కతేనా అన్నీ పారేస్తున్నది?" అని అడిగింది ఆ రోజు.

"పిల్లలమ్మా. అందరివీ పోతున్నయ్" అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదు. నిజంగానే నాకు తెలియదు. ఎందుకు తెలియలేదో చెప్పాలి. మార్కెట్‌లో ఖాతా సరుకును బట్టి రాస్తారు. టమాటాకు ఒక పేజీ, వంకాయకు ఒక పేజీ. ఎవరి డబ్బాలైనా సరే, సరుకు పేజీలోకే పోతాయి. నేను క్యాంపు రిజిస్టర్ కూడా అలవాటు కొద్దీ అట్లాగే పెట్టాను. టోపీల పేజీ, సీసాల పేజీ, చెప్పుల పేజీ. హర్షిత పేరు అయిదు పేజీల్లో ఉంది, ఏ పేజీలోనూ మూడుసార్లకు మించి లేదు. అందుకే ఎక్కడా కంటికి తగలలేదు.

నాలుగో వారం శనివారం, క్యాంపు ఇరవై నాలుగో రోజు. అయిదు కావస్తుండగా వ్యాన్ దగ్గర వరుస నిలబెట్టి కార్డులు చూస్తున్నాను. హర్షిత మెడ ఖాళీగా ఉంది.

"కార్డేది బిడ్డా?"

"పోయింది అంకుల్."

"యాడ పోయింది?"

"తెల్వది."

వ్యాన్ డ్రైవర్ ఇస్మాయిల్ భాయ్ స్టీరింగ్ మీది నుంచి వంగి, "అరె యాదగిరి భాయ్, రోజూ తీస్కపోయే పోరినే గదా. ఎక్కనియ్, నేను దింపుత" అన్నాడు.

"రేపు కార్డు లేదని ఇంకెవరన్న వచ్చి పిల్లను ఎక్కించుకుంటె ఎవరు జవాబు చెప్పాలె భాయ్?"

"నీతోని నేను గెల్వ" అని బండి తీశాడు.

పది మంది పెద్దవాళ్లం అరగంట వెతికాం. ఆట స్థలం, మామిడిచెట్ల కింద, కుళాయిల దగ్గర. దొరకలేదు. మేడం లావణ్యకు ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేశాక నన్ను పక్కకు పిలిచారు.

"యాదగిరి గారూ, ఈ పాప వస్తువుల గురించి వాళ్లమ్మతో నాకు వారానికి రెండు ఫోన్లు. ఇప్పుడు కార్డు కూడా. కార్డు పోవడం అంటే చిన్న విషయం కాదు, మీకు నేను చెప్పక్కర్లేదు. మిగతా పన్నెండు రోజుల ఫీజు వాపస్ ఇచ్చేద్దాం. వాళ్లమ్మ వస్తుంది కదా, చెప్పేస్తాను."

నా మనసులో లెక్క నడిచింది. పక్కింటామె అయిదింటికి గానీ రాదు. తల్లి పొద్దున ఎనిమిదింటికే ఇల్లు వదలాలి. మధ్యలో తొమ్మిది గంటలు. పన్నెండు రోజులకు నూట ఎనిమిది గంటలు. ఆ గంటల్లో ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడుంటుంది? గదికి తాళం వేసి లోపల కూర్చోబెట్టాలి, లేదా తల్లి ఉద్యోగం మానాలి. మూడో దారి నాకు కనిపించలేదు.

శనివారం సాయంత్రం మా వంటావిడ బాలమణక్క ఎవరూ తీసుకుపోని టిఫిన్ డబ్బాలను పెట్టెలోంచి తీసి కడిగి పెడుతుంది. ఆమెకు అరవై దాటాయి, నోరు మాత్రం ఇరవైలో ఉన్నట్టే ఉంటుంది. ఆ రోజు మూడు డబ్బాలు తీసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. రెండో డబ్బా ఊపి చూసి, మూత తీసి, అక్కడి నుంచే కేక వేసింది.

"ఓ లెక్కల మారాజా! జర ఇటు రా! నీ పెట్టెల ఉన్నదాన్ని పట్టుకొని తోటంత దేవులాడుతున్నవేంది?"

డబ్బాలో హర్షిత కార్డు ఉంది. దాని తాడు నీటుగా చుట్టి ఉంది.

పోయిన వస్తువు పోయిన వస్తువుల పెట్టెలోకి తనంతట తాను వచ్చి, మూత పెట్టుకుని పడుకోదు. పైగా శనివారం డబ్బాలు కడుగుతారని తెలిసినవాళ్లే ఆ చోటు ఎంచుకుంటారు. రిజిస్టర్ తెచ్చుకుని షెడ్డు అరుగు మీద కూర్చున్నాను. తెల్లకాగితం మీద హర్షిత పేరు రాసి, ఒక్కో పేజీ నుంచి ఆమెవి దించాను. సీసాలు నాలుగు అనుకున్నా, సరిచూస్తే మూడు. టోపీలు మూడు. తువ్వాళ్లు రెండు. డబ్బా మూత ఒకటి. చెప్పు ఒకటి. కార్డు ఒకటి. పదకొండు. అన్నీ దొరికినవే. అన్నీ నేను సాయంత్రం తిరిగే దారిలోనే దొరికినవి.

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పిల్లలు మరిచిపోయిన సీసాలో ఎప్పుడూ ఎంతో కొంత నీళ్లుంటాయి. తాగుతూ తాగుతూ వదిలి పరుగెత్తుతారు. హర్షిత సీసాలు మూడూ ఖాళీగా, మూత గట్టిగా బిగించి దొరికాయి.

పాప మామిడిచెట్టు కింద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. కార్డు సంగతి ఎత్తలేదు.

"హర్షితా, సీసల నీళ్లు ఎందుకు పారబోసినవ్?"

కొంచెం ఆలోచించి, "కారితె వేరేవాళ్లవి తడుస్తయ్ గదా" అంది.

"మరి మమ్మీ ఇప్పటిదాంక ఎన్నిసార్లు వచ్చింది?"

"ఆరు. ఇయ్యాల్టితోని ఏడు."

నేను సంతకాలు చూశాను. ఆరు. నా దగ్గర రిజిస్టర్ ఉంటే గానీ తెలియని సంఖ్య ఆమెకు నోటికే వచ్చు.

"వస్తె తిడ్తది గదనే?"

"తిడ్తది. గేటు కాన్నుంచి రోడ్డు దాంక తిడ్తది. ఇరవై నిమిషాలు. బస్సెక్కినంక నిద్రపోతది."

"ఇంట్ల తిట్టదా?"

"ఇంట్ల నేనే నిద్రపోత. మమ్మీ వచ్చేసరికి. పొద్దుగాల మమ్మీ ఉరుకుతది."

"మరి తిట్లు తినేటందుకు ఇన్ని దాస్తివా?"

హర్షిత బ్యాగు జిప్పు ముందుకూ వెనక్కూ లాగింది.

"తిట్టేటప్పుడు చెయ్యి పట్టుకుంటది అంకుల్. గట్టిగ."

బాలమణక్క కుళాయి దగ్గర గిన్నెలు తోమడం ఆపేసింది. నేను అలవాటు కొద్దీ హెచ్చవేత వేశాను. ఇరవై నిమిషాలు ఆరుసార్లు. నూట ఇరవై. రెండు గంటలు. నాలుగు వారాల్లో ఆ పిల్ల తల్లితో తెచ్చుకున్న సమయం అది. నేను గేటుకు కట్టిన బోర్డు చదివి, దాన్ని బట్టి తెచ్చుకుంది.

లావణ్య ఆరుంబావుకు వచ్చింది. షాపు చొక్కా, జేబుకు పేరు బిళ్ల అట్లాగే ఉన్నాయి. రోడ్డు నుంచి పరుగులాంటి నడక నడిచినట్టు ఆయాసం. గేటు లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"కార్డు గూడ పోగొట్టినవా? మెడల ఏసుకున్నదెట్ల పోతదే? తలకాయ పోలే ఇంక నయం! అన్నా, మా సూపర్‌వైజర్ ఏమన్నడో తెల్సా? ఇంకొక్కసారి కౌంటర్ ఇడిచిపెట్టి పోతె మల్ల రావొద్దన్నడు. ఇయ్యాల ఐదోసారి. ఒకసారంటె నా ఆఫ్ రోజు వచ్చిన, ఇంకోసారి గూడ. మిగతా ఐదు సార్లు సగం రోజు జీతం పోయింది. పైసలు పోతె పోయినయ్, పనే పోతె ఎట్ల?" అని పాప దాకా వచ్చి చెయ్యెత్తింది.

బాలమణక్క తడిచేత్తోనే ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు బిడ్డా. కొట్టుడు ఎటూ పోదు. ముందు ఆయన చెప్పేది ఇను. ఎన్నడూ మాట్లాడని మనిషి మాట్లాడుతడంట."

నేను రిజిస్టర్ తెరిచి లావణ్యకు చూపించాను. ఆమె సంతకాలు ఆరు, తేదీలు. మొదట్లో నాలుగు రోజులకొకటి, తర్వాత రెండు రోజులకొకటి. నువ్వు వచ్చి తీసుకుపోయిన మరునాడే ఇంకో వస్తువు పోయిందమ్మా అన్నాను. సీసాలు ఖాళీగా ఉన్న సంగతి చెప్పాను. కార్డు ఎక్కడ దొరికిందో చెప్పాను. చివరికి పాప చెప్పిన మాట, చెయ్యి సంగతి, ఆమె చెప్పినట్టే చెప్పాను.

లావణ్య అరుగు మీద కూర్చుంది. రిజిస్టర్ ఒళ్లోకి తీసుకుని తన సంతకాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది.

"దారంత తిట్టుకుంటనే తీస్కపోయిన అన్నా" అంది. "ఒక్కసారన్న వేరే మాట మాట్లాడలే."

"మాట్లాడినవ్" అంది హర్షిత. "నెమలి కనవడ్డప్పుడు. అగో నెమలి అన్నవ్. మల్ల తిట్టినవ్."

లావణ్యకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పేరు బిళ్ల తీసి జేబులో వేసుకుంది. ఎందుకు తీసిందో నాకు తెలియదు.

అప్పటికి మేడం ఆఫీసు గదిలోంచి వచ్చి మా వెనక నిలబడి ఉన్నారు. ఎంత విన్నారో తెలియదు గానీ, "చూశారా, కావాలనే చేసింది. అయితే ఇంకా కష్టం కదా. ఇవాళ ఉంచేస్తే రేపు ఇంకొకరు చేస్తారు" అన్నారు. ఆమె మాటలో తప్పు లేదు. అరవై ఇద్దరు పిల్లల బాధ్యత ఆమె మీద ఉంది.

"మేడం, నియమం నేను పెట్టిందే" అన్నాను. "సీసాలు తారుమారు కావొద్దని పెట్టిన. అదైతే ఆగింది. కానీ తల్లిని పిలిపించే దారి ఇదొక్కటే అని బోర్డు మీద రాసి గేటుకు కట్టింది నేనే. చదువొచ్చిన పిల్ల చదువుకున్నది. నియమం మారుస్త. ఈ పన్నెండు రోజులు పాపను ఉండనియ్యండి. ఒక్క టోపీ పోయినా నేనే ఫోన్ చేసి పిలిపిస్త, అప్పుడు తీసేయండి."

మేడం హర్షిత వైపు చూశారు. "పోతుందా?"

"పోదు" అంది హర్షిత. తర్వాత, "మమ్మీ ఆఫ్ రోజు వస్తదా?" అని అడిగింది, మేడంను కాదు, తల్లిని.

అక్కడ ఒక సంగతి బయటపడింది. లావణ్యకు వారానికి ఒక ఆఫ్ ఉంది, ఏ రోజన్నది ముందు సాయంత్రం చెబుతారు. ఆఫ్ రోజున కూడా పాపను క్యాంపుకే పంపేది, ఫీజు కట్టాం కదా అని. తను బట్టలు ఉతుక్కుని, కాసేపు నిద్రపోయేది. వ్యాన్ ఎటూ తెస్తుంది కాబట్టి రావాలన్న ఆలోచనే రాలేదు. వస్తువు పోతే తప్ప.

"వస్త" అంది లావణ్య. "ఆఫ్ ఉన్నరోజు నేనే వచ్చి తీస్కపోత. నడుద్దాం."

"తిట్టకుంట?"

"తిట్టకుంట."

"అయితె ఇరవై తొమ్మిది" అంది హర్షిత.

మాకు అర్థం కాలేదు. ముప్పై ఆరు రోజులు క్యాంపు, మమ్మీ ఏడు రోజులు వచ్చింది, మిగిలింది ఇరవై తొమ్మిది అని వివరించింది. తీసివేతలో తప్పు లేదు. ఆ మిగిలినవన్నీ మమ్మీ తనకు బాకీ.

"రాస్కో అన్నా" అంది లావణ్య కళ్లు తుడుచుకుంటూ. "నీ పుస్తకంల రాస్కో. నేను సంతకం పెడ్త."

రిజిస్టర్ చివరి పేజీలో రాశాను. లావణ్య సంతకం పెట్టింది. హర్షిత కూడా పెట్టింది. బాలమణక్క నేను గూడ పెడతానంటూ వచ్చి, సంతకం రాక, తడి వేలు కాగితానికి ఒత్తింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఒక షరతు హర్షిత చెప్పింది. క్యాంపు గేటు నుంచి రోడ్డు దాకా నడిస్తేనే ఒకటి తగ్గుతుంది. బజారులో, బడి దారిలో నడిచినవి కలవవు.

సోమవారం బోర్డు మార్చాను. దొరికిన వస్తువు ఫొటో తీసి తల్లికో తండ్రికో పంపి, వాళ్లు మాదే అంటే దాని మీద మార్కర్‌తో పేరు రాసి వ్యాన్‌లో పంపడం మొదలుపెట్టాం. సీసాలు మళ్లీ తారుమారు కాలేదు. ఇంత సులువైన పని ఏడాది ముందే ఎందుకు తోచలేదని మేడం అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. రిజిస్టర్ కూడా మార్చాను. ఇప్పుడు పేజీలు పిల్లల పేర్ల మీద ఉన్నాయి. ఒక పిల్లవి వరుసగా రెండు వస్తువులు పోతే అక్కడ ఆగి, ఆ పిల్ల ఇంటికి ఎవరు, ఎన్నింటికి వస్తారో ముందు కనుక్కుంటాను. తర్వాతి ఏడు అట్లా ఆగినప్పుడు, చిన్నక్షరాలు కనపడక టోపీ మీద తన పేరే గుర్తుపట్టలేని ఒక బాబు దొరికాడు. వాడికి కళ్లజోడు వచ్చింది. ప్రతిదీ హర్షిత కథలా ఉండదు, కానీ ఆగి చూడాలి.

లావణ్య ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఆమె కౌంటర్ వదిలి రావలసిన పని పడలేదు. క్యాంపు మిగిలిన పన్నెండు రోజుల్లో ఆఫ్ వచ్చిన రెండు రోజులూ వచ్చింది. హర్షితవి ఏవీ పోలేదు. చివరి రోజు బాకీ ఇరవై ఏడు.

2024లో హర్షిత మళ్లీ చేరింది. ఆ వేసవిలో తల్లి ఏడుసార్లు వచ్చింది. షిఫ్టు మారిన ఒక వారంలో ఒకసారి అదనంగా కూడా దొరికింది. ఇరవై మిగిలాయి. ప్రతిసారీ గేటు దాటే ముందు లావణ్య, "అన్నా, ఒకటి కొట్టెయ్" అని అరిచేది. నేను గీత కొట్టేవాణ్ణి. అయిదో గీతను మార్కెట్‌లో గీసినట్టు అడ్డంగా గీస్తాను.

2025 వేసవిలో ఆమె షిఫ్టు ఇంకొన్నిసార్లు కలిసొచ్చి, ఎనిమిది కొట్టేశాను. హర్షితకు పదేళ్లు వచ్చాయి, పొడవు పెరిగింది, సీసా మీద పేరు తనే రాసుకుంటుంది. క్యాంపు ఆఖరి రోజు లావణ్య తొమ్మిదోసారి వచ్చింది. ఆ రోజు హర్షిత ఇద్దరు స్నేహితురాళ్లతో మాటల్లో పడి ముందు నడిచిపోతోంది. తల్లి పదడుగులు వెనక, కూతురి బ్యాగు భుజానికి వేసుకుని నడుస్తోంది. నేను గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డాను. లావణ్య కేక వేయలేదు.

"కొట్టెయ్యాల్నా చెల్లె?" అని నేనే అడిగాను.

ఆమె ఆగి, ముందు పోతున్న కూతురిని చూసి, నా దగ్గరికి వెనక్కి వచ్చింది.

"ఇయ్యాల్టిది ఒద్దన్నా" అంది మెల్లగా. "ఇట్ల కొట్టుకుంట పోతె అయిపోతయ్. ఉండనీ."

హర్షిత అప్పటికి మలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి, "మమ్మీ, జల్ది రా! బస్సు పోతది!" అని చెయ్యి చాచింది. లావణ్య పరుగున పోయింది.

నేను గీత కొట్టలేదు. పేజీ నా దగ్గరే ఉంది. ఈ రోజుకు బాకీ పన్నెండు.